ఐసు గదిలో ఎక్కాలు: విశాఖ ఫిషింగ్ హార్బరు కథతో ఒక శ్రవ్య నాటకం తయారీ డైరీ

ఇది చెవులతో మాత్రమే వినే నాటకం. కెమెరా లేదు, తెర లేదు. తక్కువ ఖర్చుతో శ్రవ్య నాటకం చేయాలనుకునేవాళ్లు ఇందులోని కొలతలు ఉన్నవి ఉన్నట్లు వాడుకోవచ్చు. మేము పక్కన పడేసిన పద్ధతులు కూడా రాస్తున్నాను. వాటి మీద మీరు మళ్లీ డబ్బు పోయనక్కర్లేదు.

కథ ఇంత. జూన్ 14 రాత్రి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం 61 రోజులు నడిచి ఆ అర్ధరాత్రితో ముగుస్తుంది. హార్బరులో మరపడవలు డీజిలు, ఐసు ఎక్కించుకుని సముద్రం మీదికి పోవడానికి సిద్ధమవుతున్నాయి. ఎండు చేపలు అమ్మే పైడమ్మ కొడుకు చంటికి ఎనిమిదేళ్లు. దాగుడుమూతలాడుతూ ఏదో పడవలో, చేపలు నిల్వ ఉంచే ఖాళీ ఐసు గదిలోకి దిగాడు. మూత పడింది. చేతిలో తల్లి పాత మీటల ఫోను ఉంది. ఏ పడవ ఎక్కాడో వాడు చెప్పలేడు. కాసేపట్లో ఆ గదిలోకి ఐసు పోస్తారు.

దశ 1: గాలి లెక్క

మొదటి ప్రతి చదివితే 41 నిమిషాలు వచ్చింది. అందులో భయమంతా ఊపిరి మీద నడిచింది. "రెండు గంటల్లో గాలి అయిపోతుంది" అని ఒక పాత్ర అంటుంది, అక్కడి నుంచి గడియారం మొదలు. కాగితం మీద లెక్క వేశాం.

1. ఐసు గది 8 ఘనపు మీటర్లు అనుకుంటే లోపల 8,000 లీటర్ల గాలి.
2. భయంతో ఉన్న పిల్లవాడు గంటకు సుమారు 10 నుంచి 15 లీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతాడు.
3. అది గాలిలో 3 శాతానికి చేరితే ఆయాసం, తలనొప్పి గట్టిగా పట్టుకుంటాయి. 8,000లో 3 శాతం 240 లీటర్లు.
4. 240ని 15తో భాగించినా 16 గంటలు.

సాయంత్రం ఆరింటికి చిక్కుకున్న పిల్లవాడు అర్ధరాత్రికి ఉక్కపోతతో నీరసపడి ఉంటాడు, దాహంతో ఉంటాడు, అంతే. ఊపిరి గడియారం తీసేశాం.

ఇక్కడే ఒక హెచ్చరిక. శబ్దం కోసం ఎవరూ నిజమైన పడవలో మూసి ఉన్న ఐసు గదిలోకి దిగవద్దు. కుళ్లిన చేప, మడ్డినీరు మిగిలిన చోట హైడ్రోజన్ సల్ఫైడు పేరుకుంటుంది. ఆ వాయువు ఎక్కువగా ఉంటే ముక్కుకు వాసన తెలియడం కూడా ఆగిపోతుంది. పడిపోయినవాడిని లాగడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. కథలో పడవ రెండు నెలలుగా కడిగి ఆరబెట్టి ఉన్నదని ముందే చెప్పించడానికి కారణం అదే. లేకపోతే కథ పది నిమిషాల్లో అయిపోయేది, అది కూడా చెడుగా.

ఊపిరి పోయాక మిగిలిన గడియారం ఐసు. హార్బరులో సరంగుగా (పడవ నడిపేవాడిగా) చేసి మానేసిన ఒక పెద్దాయనకు కథ చెబితే ఆయన మా ముఖం వైపు కూడా చూడకుండా వల అల్లుకుంటూ అడిగారు.

"ఐసు పోయాలంటే మూత తీయాలి కదా నాయనా. తీస్తే పిల్లాడు కేక వెయ్యడా?"

"మర చప్పుడులో వినపడదనుకున్నాం, తాతా."

"వినపడదు సరే. కనపడడా?"

రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జవాబు ఆయనే ఇచ్చారు. ఐసు గది లోపల పలకలతో అరలు కడతారు. వెనుక అరలో ఉన్నవాడు పైనుంచి చూసేవాడికి కనపడడు. ముందు అరలో ఐసు నింపితే వాడికి దారి కూడా మూసుకుపోతుంది. ఆ ఒక్క మాటతో నాటకం నడిమి భాగం మొత్తం తిరిగి రాయాల్సి వచ్చింది. మైకులో ప్రకటన చేయిస్తే సరిపోదా అని కూడా ఆయనే అడిగారు. అందుకని చేయించాం. సగం పడవలు ఐసు పోయడం ఆపుతాయి. కొన్ని అప్పటికే నింపేసుకున్నాయి. ఒకటి రెండు తాడు విప్పుకుని కాలువలోకి జరిగాయి.

పోలీసుల సన్నివేశం కూడా మారింది. "ఇరవై నాలుగు గంటలు ఆగి రండి" అనే మాట మన థ్రిల్లర్లలో అరిగిపోయింది. అలాంటి నియమం ఏదీ లేదు. పిల్లలు కనపడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. మా నాటకంలో 112కు ఫోను చేయగానే పోలీసులు కదులుతారు. తప్పిపోయిన పిల్లలను మొదట ఎక్కడ వెతుకుతారో అక్కడే వెతుకుతారు: రైల్వే స్టేషను, ఆర్టీసీ కాంప్లెక్సు. వాళ్లు చేస్తున్నది సరైన పని, వెతుకుతున్నది తప్పు చోటు. చేతకాని పోలీసును పెట్టి తల్లిని ఒంటరిని చేయడం కంటే ఇది చాలా బిగువుగా వచ్చింది.

ముగింపులో మొదట అగ్నిప్రమాదం ఉండేది. 2023 నవంబరులో ఇదే హార్బరులో పడవలు తగలబడ్డాయి. వాటి యజమానులు, కళాసీలు (పడవ పనివాళ్లు) ఇంకా అక్కడే తిరుగుతున్నారు. వాళ్ల మధ్య మైకు పట్టుకుని ఆ సన్నివేశం చేయబుద్ధి కాలేదు. తీసేశాం.

నిడివి: 34 నిమిషాలు. ఖర్చు: 0.

దశ 2: రికార్డరు, గాలి

పాతది ఒక చేతి రికార్డరు కొన్నాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, శబ్ద శిఖరాలు మైనస్ 12 డెసిబెల్ దాటకుండా పెట్టుకున్నాం. సముద్రం పక్కన మధ్యాహ్నం రికార్డు చేస్తే మైకులో గాలి తప్ప ఏమీ ఉండదు. రికార్డరుతో వచ్చిన నురగ (ఫోము) తొడుగు జెట్టీ మీద చాలలేదు. బొచ్చు దుప్పటి ముక్కను కుట్టించి నురగ మీద ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండేలా తొడిగాం. ఆ ఖాళీయే పని చేస్తుంది. బిగుతుగా కుట్టిన మొదటి తొడుగు దండగ.

అంతకంటే పెద్ద మార్పు సమయం. తెల్లవారుజామున సముద్రపు గాలి ఉండదు. కానీ మామూలు రోజుల్లో వేలం, బేరాల గోల అప్పుడే మొదలవుతుంది. నిషేధం నడుస్తున్న రోజుల్లో అయితే హార్బరు నిశ్శబ్దంగా ఉంటుంది, ఎండెక్కాక మరమ్మతుల సుత్తి దెబ్బలు వినపడతాయి. పడవ పక్కను తెడ్డుతో కొట్టిన చప్పుళ్లన్నీ (కథలో వాటి పని ఏమిటో దశ 3లో వస్తుంది) ఆ రోజుల్లో తీసినవే.

ఇంకో సంగతి. ఆ చుట్టుపక్కల నౌకాశ్రయం, నౌకాదళం ఉన్నాయి. శబ్దం మాత్రమే తీస్తున్నా అనుమతి ముందే అడగండి. ఫోను కెమెరా బయటికి తీయకండి.

రికార్డరు 6,500, కార్డు 450, తొడుగు 120. మొత్తం: 7,070 రూపాయలు.

దశ 3: ఫోను

నాటకమంతా ఈ ఫోను మీద నడుస్తుంది కాబట్టి ఎక్కువ సమయం తిన్నది కూడా ఇదే.

మొదటి ఆలోచన: పిల్లవాడి ఫోనులో వెనుక నుంచి అలల చప్పుడు, ఇంజను, ఎక్కడో గంట వినపడతాయి. వాటిని పట్టుకుని తల్లి చోటు పోల్చుకుంటుంది. అది పని చేస్తుందో లేదో చూడటానికి మా తమ్ముడు హార్బరు నుంచి స్మార్ట్‌ఫోనులో మాట్లాడాడు, నేను కంచరపాలెంలో ఇంట్లో విన్నాను. వాడి గొంతు తప్ప ఏమీ లేదు. ఎక్కడో గదిలో కూర్చుని మాట్లాడుతున్నాడు అనిపించింది. స్మార్ట్‌ఫోనుల్లో రెండు మూడు మైకులు ఉంటాయి. గొంతు కానిదాన్ని కోసేయడమే వాటి పని. సినిమాల్లో ఫోను వెనుక రైలు కూత విని ఊరు చెప్పేసే సన్నివేశాలు ఇప్పటి ఫోనులతో కుదరవు.

అందుకే మీటల ఫోను. పాత 2జీ ఫోనుకు సాధారణంగా ఒకటే మైకు. ఆ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ (శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత) దాకా మోస్తుంది. దానితో మళ్లీ ప్రయత్నించాం. అల చప్పుడు గరగరగా మారిపోయింది, ఎందుకంటే ఆ ఫోను సంకేతం మనిషి గొంతును కొలతగా పెట్టుకుని తయారైనది. కానీ తెడ్డు దెబ్బ వినపడింది. ఒకసారి వినపడింది, మరోసారి లేదు. అదే చోటు, అదే దెబ్బ.

దీని కారణం తెలుసుకోవడానికి చాలా తల పట్టుకున్నాం. సంగతి ఇది: అవతలివాడు మాట్లాడనప్పుడు ఫోను బ్యాటరీ మిగుల్చుకోవడానికి పంపడం దాదాపు ఆపేస్తుంది. మన చెవిలో వినిపించే సన్నటి సరసర అవతలి నుంచి వచ్చేది కాదు, లైను కట్టయిందని మనం అనుకోకుండా ఇవతల పుట్టించేది. ఆ సమయంలో పడిన దెబ్బను ఫోను మాటగా గుర్తించకపోతే అది రాదు. గుర్తించినా మొదటి అంచు తెగిపోతుంది. అదే అవతలి మనిషి మాట్లాడుతూ ఉంటే దారి తెరిచి ఉంటుంది, మాట సందులో దెబ్బ కూడా వచ్చేస్తుంది.

మీరూ చూసుకోవచ్చు:

1. పాత మీటల ఫోను నుంచి ఇంకో ఫోనుకు కలపండి. మీటల ఫోనును పక్క గదిలో పెట్టి తలుపు వేయండి.
2. పక్క గదిలో ఎవరూ మాట్లాడకుండా బల్ల మీద గరిటెతో కొట్టించండి. ఇవతల వినండి.
3. ఇప్పుడు అక్కడి మనిషిని ఆపకుండా ఏదో ఒకటి చెబుతూ కొట్టమనండి. మళ్లీ వినండి.
4. రెండింటినీ ఫోను స్పీకరుకు పది సెంటీమీటర్ల దూరంలో రికార్డరు పెట్టి తీయండి. తరువాత కంప్యూటర్ మీద పక్కపక్కన చూడండి.

ఈ పరీక్ష కథను మార్చేసింది. తల్లి జెట్టీ వెంట నడుస్తూ ఒక్కో పడవను తెడ్డుతో కొడుతుంది, ఆ దెబ్బ ఫోనులో వినపడుతుందా అని చూస్తుంది. పిల్లవాడు ఊరుకుంటే ఆ దెబ్బ రాదు. వాడు మాట్లాడుతూనే ఉండాలి. చీకట్లో, దాహంతో, ఏడుపు మింగుకుంటూ. ఏం మాట్లాడతాడు? మా వదిన తడుముకోకుండా "ఎక్కాలు" అంది.

పైడమ్మ: ఆపకు నాన్నా. నువ్వు ఆపితే నాకు వినపడదు.
చంటి: రెండు ఆర్లు పన్నెండు. రెండు ఏళ్లు పద్నాలుగు. అమ్మా, ఎక్కడున్నావు?
పైడమ్మ: ఇక్కడే. చెప్పు.
చంటి: రెండు ఎనిమిదులు...
(తెడ్డు దెబ్బ. ఫోనులో ఏమీ లేదు.)
పైడమ్మ: చెప్పు చంటీ.

రెండో ఎక్కం చకచకా పోతుంది. ఐదో ఎక్కం దగ్గర పిల్లలందరికీ ఒక ఊపు వస్తుంది. ఏడో ఎక్కం దగ్గర తడబడతాడు, ఆ తడబాటు తెలియకపోవడమా, చలి మొదలవడమా అన్నది తల్లికి తెలియదు. వినేవాడికి ఎంత సమయం గడిచిందో ఎక్కమే చెబుతుంది. కథకుడి గొంతుతో "అప్పుడు రాత్రి పదకొండు" అని చెప్పించిన చోట్లన్నీ కొట్టేశాం.

ఒక చిక్కు మిగిలింది. పడవలు ఒకదాని పక్కన ఒకటి మూడు నాలుగు వరుసలు ఆనుకుని ఉంటాయి, మధ్యలో పాత టైర్లు. ఒక పడవను కొడితే పక్క పడవలో కూడా సన్నగా వినపడుతుంది. మొదట దీన్ని దాచేద్దామనుకున్నాం. చివరికి దానినే వాడాం: దెబ్బ ఫోనులో వినపడిన మొదటి పడవ సరైనది కాదు.

ఫోను 1,150, రీఛార్జి 200. మొత్తం: 8,420. నిడివి: 31 నిమిషాలు.

దశ 4: ఐసు గది లోపలి శబ్దం

పిల్లవాడిని ఏ పెట్టెలోనూ పెట్టలేదు. వాడి గొంతును గదిలో మామూలుగా తీసి, ఆ శబ్దాన్ని చిన్న స్పీకరు ద్వారా ఖాళీ నీళ్ల ట్యాంకులో వినిపించి, లోపల మైకుతో మళ్లీ పట్టుకున్నాం. డాబా మీద విప్పి పక్కన పెట్టిన 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు దొరికింది.

లోపల థర్మోకోలు అతికించిన మొదటి రికార్డింగు చచ్చు శబ్దం వచ్చింది, పిల్లవాడు దుప్పట్లో ఉన్నాడనిపించింది. సరంగు తాత విని తల అడ్డంగా ఊపారు. ఐసు గది లోపలి ముఖం నున్నగా, గట్టిగా ఉంటుంది, పైన ఫైబరు పూత. థర్మోకోలు ఆ గోడకు వెనుక ఉంటుంది. దాంతో అంతా పీకి ట్యాంకుకు బయట కట్టాం. లోపల గొంతు ఒక్కసారిగా బతికింది.

కొలతలు, ఫోనులోని శబ్ద కొలమానంతో, బయట మీటరు దూరంలో:

మూత తీసి: 78 డెసిబెల్.
మూత పెట్టి, థర్మోకోలు లేకుండా: 69.
మూత పెట్టి, బయట థర్మోకోలుతో: 66.

థర్మోకోలు వేడిని ఆపుతుంది, శబ్దాన్ని పెద్దగా ఆపదు. 720 రూపాయలు పోసి ఇది తెలుసుకున్నాం, మీరు కొనకండి. మూత సరిగా మూసుకోవడమే ముఖ్యం.

ట్యాంకు లోపలి ఎత్తు సుమారు 1.2 మీటర్లు. శబ్ద వేగాన్ని (సెకనుకు సుమారు 350 మీటర్లు) దానికి రెట్టింపుతో భాగిస్తే 145 హెర్ట్జ్ వస్తుంది. రికార్డింగులో సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఒక గుమ్మనే మోత కూర్చుంది. శబ్దాన్ని సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేరులో అక్కడ 6 డెసిబెల్ తగ్గిస్తే మాట స్పష్టమైంది. మీ ట్యాంకు ఎత్తు కొలిచి ఇదే లెక్క వేసుకోండి.

కంచరపాలెంలో రైళ్లు, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా వైపు దిగే విమానాలు. డాబా మీద పని రాత్రి ఒంటిగంట తరువాతే కుదిరింది.

థర్మోకోలు 720, టేపు 80. మొత్తం: 9,220.

దశ 5: కూత

నాటకంలో నాకు బాగా ఇష్టమైన క్షణం ఇది. దూరంగా ఒక నౌక కూత వేస్తుంది. పైడమ్మకు అది ముందు ఫోనులో, తరువాత గాలిలో వినపడుతుంది. అంటే కొడుకు ఆ కూతకు తనకంటే దగ్గరలో ఉన్నాడు. ఆమె లెక్కలు వేయదు. వెనక్కి తిరిగి పరుగెడుతుంది.

ప్రతిలో రెండు కూతల మధ్య ఎడం నాలుగు సెకన్లు అని ఉంది. మన ఎండల్లో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే 1,400 మీటర్లు. హార్బరు ఎరిగినవాడు ఎవడైనా నవ్వుతాడు. ఒక సెకనుకు తగ్గించాం. దానిలోంచి ఫోను ఆలస్యం తీసేయాలి. రెండు ఫోనులు ఒకే గదిలో పెట్టి చప్పట్లు కొట్టి రికార్డు చేస్తే చప్పట్లకూ ఫోనులో వచ్చిన దానికీ మధ్య 0.3 సెకను తేలింది. మిగిలింది 0.7 సెకను. విన్నవాళ్లలో ఎవరికీ వివరించనక్కర్లేకుండా అర్థమైంది.

రెండో సమస్య కూత స్థాయి. చెక్క, ఫైబరు గోడలు సన్నటి (ఎక్కువ హెర్ట్జ్) శబ్దాలను మింగి లావు (తక్కువ హెర్ట్జ్) శబ్దాలను లోపలికి వదులుతాయి. ఫోను దానికి తలకిందులు, 300 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తుంది. రెంటినీ దాటి వచ్చేది 300 నుంచి 500 మధ్య ఉన్న ఇరుకు సందు మాత్రమే. అంతర్జాతీయ నౌకాయాన నియమాల ప్రకారం 200 మీటర్లు, ఆపైన పొడవున్న నౌకల కూత 70 నుంచి 200 హెర్ట్జ్. మేము మొదట వాడినది అలాంటి పెద్ద నౌక కూతే, ఫోనులో ఉఫ్ మని గాలి తప్ప రాలేదు. 75 మీటర్ల లోపు నౌకలకు 250 నుంచి 700. అందుకని కూత వేసేది సరుకు నౌక కాదు, దాన్ని లాగే టగ్గు అని మార్చాం. ఆ కూత డాల్ఫిన్స్ నోస్ కొండకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వనిని గాలిలో కూతకు మాత్రమే పెట్టాం. ఫోనులో పెడితే వినేవాళ్లు ఏది ఏదో పోల్చుకోలేకపోయారు.

ఆటో 260. మొత్తం: 9,480.

దశ 6: ఐసు

వన్ టౌనులో ఐసు దిమ్మ కొని అక్కడే మరలో వేయించి, గోనెసంచుల్లో తెచ్చి, ట్యాంకులోకి రేకు మీదుగా పోశాం. దగ్గర నుంచి తీసిన శబ్దం బస్తాలోంచి వేరుశనగకాయలు దొర్లించినట్లు వచ్చింది, భయం లేదు. మైకును ట్యాంకు అడుగున, రేకుకు ఎదురు మూలలో, బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట కింద పెడితే బరువు తెలిసింది. మొదటి ముక్కలు టంగుమని అడుగును కొడతాయి. తరువాత ముక్క మీద ముక్క పడి చప్పుడు మెత్తబడుతుంది. చివరికి దాదాపు ఏమీ వినపడదు. ఆ తగ్గుదలే సన్నివేశం. దాన్ని కత్తిరించకుండా 50 సెకన్లు ఉంచాం.

చూర ఐసు సంచులను స్పీకరుకూ మైకుకూ మధ్య పేర్చి ఎక్కాలు వినిపిస్తే 2,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా పోయింది. స, శ, ఛ వినపడవు. "ఏడు ఆర్లు" మిగులుతుంది, "ఎనిమిది" మసకబారుతుంది. ముందు అర నిండిన తరువాత పిల్లవాడి గొంతుకు ఇదే కోత పెట్టాం.

తొందరగా పని కానివ్వండి. విశాఖ ఉక్కలో ఐసు మన కోసం ఆగదు, కరిగిన నీళ్లు బుట్ట దాటి మైకు వైపు వస్తాయి.

ఐసు 300, ఆటో 350. మొత్తం: 10,130.

దశ 7: గొంతులు

చంటి గొంతు పక్క వీధి పిల్లవాడిది. వాళ్ల అమ్మ గదిలోనే కూర్చుంది. పిల్లలను వ్యాపార చిత్రాల్లో పెట్టేవాళ్లకు చట్టం ఉంది: రోజుకు ఐదు గంటలు దాటకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి, బడి చదువు ఆగకూడదు. మాది డబ్బు రాని పని, అయినా గంటకు మించి కూర్చోబెట్టలేదు. గంట దాటితే ఎక్కాల్లో ఆ చురుకు ఎలాగూ ఉండదు. భయం నటించమని అసలు చెప్పలేదు. ఏడో ఎక్కం నిజంగా వాడికి సరిగా రాదు. మరచిపోయిన చోట ఆగి, గొంతు తగ్గించి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. అదే ఉంచాం. చలి వణుకు మాత్రం కుదరలేదు, నటిస్తే నవ్వొచ్చింది. మాటల మధ్య ఎడం పెంచి సరిపెట్టాం.

పైడమ్మ మా వదిన. ప్రతిలో తల్లి ప్రతి పేజీలో ఏడుస్తుంది. వదిన చదవడం ఆపి కాగితాలు పక్కన పెట్టింది. "బిడ్డ వింటుంటే ఏ తల్లి ఏడుస్తుంది బాబూ? ఫోను పెట్టేశాక ఏడుస్తుంది. ఇక్కడ పెట్టేయడానికే లేదు కదా." ఏడుపులన్నీ పోయాయి. వాటి స్థానంలో ఆమె గొంతు నాటకం సాగేకొద్దీ మామూలుగా, బడికి తయారు చేసే గొంతులా మారుతుంది. పెదవి మైకుకు ఆనుకున్నంత దగ్గరగా, పక్కకు ముఖం తిప్పి చదివించాం, ఎదురుగా చదివితే ప, బ దగ్గర మైకు ఉబ్బుతుంది.

నేపథ్య సంగీతం ఒక స్నేహితుడు చేసి ఇచ్చాడు. మంచిదే. వాడలేదు. తెడ్డు దెబ్బ కోసం చెవి రిక్కించిన వాడికి వయొలిన్ వినిపిస్తే తిట్టుకుంటాడు.

టిఫిన్లు, టీలు 1,400. పిల్లవాడికి పుస్తకాలు, క్రికెట్ బ్యాటు 900. మొత్తం: 12,430. నిడివి: 27 నిమిషాలు.

దశ 8: కలపడం

ఫోను శబ్దం ఎడమ చెవిలో మాత్రమే, హార్బరు రెండు చెవుల్లో. ఇయర్‌ఫోనులో అద్భుతంగా వచ్చింది. ఫోను స్పీకరు మీద వినిపిస్తే రెండు పెద్ద లోపాలు బయటపడ్డాయి.

ఒకటి, ఇంజన్లు మాయం. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 30 పేలుళ్లు, అంటే 30 హెర్ట్జ్. చిన్న స్పీకరుకు అది అందదు. అర్ధరాత్రి ఇంజన్లన్నీ ఒకేసారి అందుకుని తెడ్డు దెబ్బలను ముంచేయాలి, అది కథలో కీలకం. 120 నుంచి 300 మధ్య భాగాన్ని పెంచి, పొగ గొట్టం చప్పుడును విడిగా తీసి పైన వేశాం. ఇప్పుడు చిన్న స్పీకరు మీద కూడా మునుగుతాయి.

రెండు, బయట నుంచి కొట్టిన తెడ్డు దెబ్బలో సగం బలం 200 హెర్ట్జ్ కింద ఉంది, అదీ పోయింది. ఎండు కర్రతో తీసిన టక్కుమనే సన్నటి చప్పుడు ఒకటి దానికి జత చేశాం, అసలు దెబ్బ కంటే 10 డెసిబెల్ తక్కువలో. ఎక్కువైతే తలుపు తట్టినట్లు ఉంటుంది.

తుది వరుస:

1. గొంతులు ముందు, వాటిని కదపకుండా మిగతావి సర్దడం.
2. మొత్తం బిగ్గరతనం మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం), శిఖరం మైనస్ 1 డెసిబెల్.
3. ఎడమ, కుడి కలిపి ఒకే చెవిగా వినడం. కూత ఎడం 0.7 సెకను అప్పుడు కూడా తెలియాలి. మొదట తెలియలేదు, గాలి కూతను 3 డెసిబెల్ తగ్గించాక తెలిసింది.
4. నడుస్తున్న ఆటోలో, ఫోను స్పీకరు మీద ఒకసారి.

నాలుగోది జగదాంబ నుంచి వన్ టౌను వెళ్లే దారిలో చేశాం. కూత పోయింది, ఐసు సగం పోయింది, ఎక్కాలు మాత్రం ఒక్క మాట పోకుండా వినపడ్డాయి. ఆటోకు తగ్గట్టు బిగ్గరతనం పెంచితే ఐసు సన్నివేశంలోని తగ్గుదల చదునైపోతుంది, కాబట్టి పెంచలేదు. ఫైలు మొదట్లో "ఇయర్‌ఫోనుతో వినండి" అని వదిన గొంతుతో చెప్పించాం.

ఇంజన్లు ఆపమని పైడమ్మ అడిగే సన్నివేశంలో సరంగుల జవాబులు ఇంకోసారి తీయాలి. రెండు నెలలు రాబడి లేక, ముందు వెళ్లినవాడికే మంచి వేట అని తొందరపడే మనుషులు వాళ్లు, కానీ రికార్డింగులో అందరూ విలన్లలా అరిచారు. సరంగు తాతనే చదవమని అడిగాం. వల పని అయ్యాక చూద్దామన్నారు.

తుది నిడివి: 24 నిమిషాల 30 సెకన్లు, ఆ సన్నివేశం మారితే అర నిమిషం అటూ ఇటూ. మొత్తం ఖర్చు: 12,430 రూపాయలు. థర్మోకోలు మీరు కొనరు కాబట్టి మీకు 11,710.